టమాటా ఆకుముడత వైరస్: 530 బేసుల పీసీఆర్ ముక్కతో పేరు పెట్టొచ్చా? పూర్తి జన్యుక్రమం ఎలా తీయాలి?

నారుమడి

మదనపల్లె వైపు నుంచి వచ్చిన టమాటా ఆకులు. చివర ఆకులు పైకి ముడుచుకున్నాయి, ఈనెల మధ్య పసుపు, మొక్క గిడసబారింది. సీటాబ్ పద్ధతిలో డీఎన్‌ఏ తీసి బెగోమోవైరస్‌లను (తెల్లదోమ మోసే, వలయాకారపు డీఎన్‌ఏ వైరస్‌ల గుంపు) పట్టే డెంగ్ 540/541 ప్రైమర్లతో పీసీఆర్ చేస్తే 530 బేసుల దగ్గర బ్యాండ్ వచ్చింది. సాంగర్ పద్ధతిలో క్రమం చదివిస్తే టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్‌తో 95 శాతం పోలిక ఉంది.

రెండు సందేహాలు. దీన్ని కొత్త స్ట్రెయిన్‌గా (జాతిలో ఉపరకంగా) జన్యుక్రమాల నిధి జెన్‌బ్యాంక్‌లో పెట్టొచ్చా? పెట్టకూడదంటే పూర్తి జన్యువు తీయడం ఎక్కడ మొదలుపెట్టాలి? థర్మల్ సైక్లర్, జెల్, క్లోనింగ్ సరంజామా ఉన్నాయి. మినయాన్ (పొడవైన డీఎన్‌ఏ ముక్కలను చదివే నానోపోర్ యంత్రం) పక్క ల్యాబ్‌లో అడిగితే ఇస్తారు.

జెల్‌గది

కొత్త స్ట్రెయిన్ అని పెట్టకండి. ఆ ప్రైమర్లు పట్టేది కోటు ప్రోటీన్ జన్యువు నడిమి భాగాన్ని. ఈ వైరస్ మొత్తంలో అతి తక్కువగా మారేది అదే, ఎందుకంటే తెల్లదోమ వైరస్‌ను మోసేది ఆ కోటు ఆధారంగానే. కోటు చెడితే దోమ మోయదు, మోయకపోతే ఆ వైరస్ పొలం దాటదు. కాబట్టి వేర్వేరు జాతుల వైరస్‌లలో కూడా ఈ ముక్క దగ్గరగానే ఉంటుంది.

దీనికి మించిన చిక్కు రీకాంబినేషన్. ఒకే మొక్కలో రెండు బెగోమోవైరస్‌లు చేరితే ముక్కలు మార్చుకుంటాయి. కోటు ఒకదానిది, రెప్ (వైరస్ కాపీ కావడానికి కావాల్సిన ప్రోటీన్) జన్యువు ఇంకోదానిది అయిన వైరస్‌లు మన టమాటాలో, మిరపలో కొత్తేమీ కాదు. మీ 530 బేసులు ఢిల్లీ వైరస్‌వే అయినా మిగతా 2,200 బేసులు ఎవరివో ఆ ముక్క చెప్పదు.

జాతి నిర్ణయానికి లెక్క పూర్తి డీఎన్‌ఏ-ఎ (కోటు, రెప్ జన్యువులున్న వలయం; దీనికి తోడుండే రెండో వలయం డీఎన్‌ఏ-బి) మీదే. 91 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే కొత్త జాతి, అదే జాతిలో 94 శాతం కంటే తక్కువైతే కొత్త స్ట్రెయిన్. ముక్కల మీద ఈ గీతలు వర్తించవు.

తెల్లదోమ_వల

ల్యాబ్‌లోకి వెళ్ళేముందు నమూనా గురించి ఒక మాట, సగం తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి. ఒక మొక్క, ఒక ట్యూబ్. ఐదారు మొక్కల ఆకులు కలిపి రుబ్బితే తర్వాత వచ్చే డీఎన్‌ఏ-ఎ, డీఎన్‌ఏ-బి ఒకే మొక్కలోవని ఎప్పటికీ చెప్పలేరు. పైనుంచి రెండో, మూడో లేత ఆకు తీయండి. ముదురు ఆకులో వైరస్ తక్కువ, ఎంజైమ్‌లను అడ్డుకునే ఫినాలిక్‌లు ఎక్కువ. ఐస్ లేకపోతే సిలికా జెల్ సంచిలో ఆకు ఎండిపోయేలా పెట్టినా డీఎన్‌ఏ వైరస్‌కు సరిపోతుంది. అదే తోటలో లక్షణాలు లేని మొక్క నుంచి కూడా ఒక ట్యూబ్ తప్పనిసరి.

ఇంకొకటి. ముడుచుకున్న ప్రతి ఆకూ వైరస్ కాదు. నల్లి సోకినా, పక్క చేలో కొట్టిన 2,4-డి గాలికి వచ్చినా ఆకు ముడుస్తుంది. చిగురు గోధుమరంగులోకి తిరిగి మాడితే, కాయ మీద వలయాలు ఉంటే అది తామర పురుగులు మోసే వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ కావచ్చు. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్, ఈ దారిలో దొరకదు. రెండూ ఒకే మొక్కలో ఉండటమూ ఉంది, కాబట్టి ఆకులో కొంత ఆర్‌ఎన్‌ఏ కోసం విడిగా మైనస్ 80లో దాచండి.

జెల్‌గది

పై మాటకు నాదీ ఓటు. ఇక పద్ధతి. ఈ వైరస్ జన్యువు వలయాకారపు డీఎన్‌ఏ, ఒక్కో వలయం 2.7 కిలోబేసులు. అందుకే రోలింగ్ సర్కిల్ యాంప్లిఫికేషన్ (ఆర్‌సీఏ) దీనికి అచ్చంగా కుదురుతుంది. ఫై29 పాలిమరేజ్ వలయం చుట్టూ తిరుగుతూ ఒకదాని వెనక ఒకటిగా కాపీలు పేర్చుకుంటూ పోతుంది. ముందే క్రమం తెలియనక్కర్లేదు. కొత్త వైరస్‌కు ఇంతకంటే నిష్పాక్షికమైన మొదటి మెట్టు లేదు.

డీఎన్‌ఏ: 100 మిల్లీగ్రాముల ఆకు, 2 శాతం సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ, 100 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8, 1 శాతం పీవీపీ, వాడే ముందు 0.2 శాతం మెర్కాప్టోఇథనాల్. 65 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. క్లోరోఫాం ఐసోఅమైల్ 24:1 తో రెండుసార్లు కడగండి, ఒక్కసారి చాలదు. ఐసోప్రొపనాల్ 0.7 వంతు, 70 శాతం ఇథనాల్‌తో కడుగు, చివర ఆర్‌ఎన్‌ఏజ్. గుళిక గోధుమరంగులో ఉంటే ఫై29 పని చేయదు. అప్పుడు ఇంకా ఎక్కువ డీఎన్‌ఏ వేయడం కాదు, పదింతలు పలుచన చేసి వేయండి, చాలాసార్లు అదే పని చేస్తుంది.

టెంప్లిఫై (ఆర్‌సీఏ) కిట్ ఉంటే: శాంపిల్ బఫర్ 5 మైక్రోలీటర్లలో డీఎన్‌ఏ 1 మైక్రోలీటర్, 95 డిగ్రీలు 3 నిమిషాలు, వెంటనే చల్లార్చి రియాక్షన్ బఫర్ 5, ఎంజైమ్ 0.2 మైక్రోలీటర్లు. 30 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 గంటలు, తర్వాత 65 డిగ్రీలు 10 నిమిషాలు. కిట్ లేకుండా ఫై29 కొని చేస్తుంటే హెక్సామర్ల (ఆరు బేసుల ప్రైమర్ల) చివరి రెండు బంధాలు థయోఫాస్ఫేట్‌వి ఉండాలని ఆర్డర్‌లో రాయండి. మామూలు హెక్సామర్లను ఫై29 తన 3' ఎక్సోన్యూక్లియేజ్‌తో తానే కొరికేస్తుంది, రాత్రంతా పెట్టినా తెల్లారి ఏమీ ఉండదు.

నీళ్ల కంట్రోల్‌లో కూడా స్మియర్ (బ్యాండ్ లేకుండా జెల్‌లో పరుచుకున్న మరక) వస్తుంది, కంగారు పడొద్దు. చూడాల్సింది స్మియర్‌ను కాదు, కోసిన తర్వాత వచ్చే బ్యాండ్‌ను. ఉత్పత్తి జిగురుగా ఉంటుంది. చివర కత్తిరించిన టిప్‌తో బాగా కలిపి 2 మైక్రోలీటర్లు తీసి, 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 10 యూనిట్ల కోత ఎంజైమ్ (ఒక నిర్దిష్ట క్రమం ఉన్నచోటే డీఎన్‌ఏను కోసేది), 37 డిగ్రీలు, 3 గంటలు. హిండ్-3, కేపీఎన్-1, బామ్‌హెచ్-1, ఈకోఆర్-1, పీఎస్టీ-1 విడివిడిగా. 1 శాతం జెల్.

వరుసకూర్పు

జెల్‌గది గారు చెప్పినదాంట్లో ఆర్‌సీఏ వరకు పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ తర్వాత క్లోనింగ్ ఎందుకు? మినయాన్ అందుబాటులో ఉందంటున్నారు. ఆర్‌సీఏ ఉత్పత్తి కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, అలాగే ఎక్కిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. 1.5 మైక్రోగ్రాముల డీఎన్‌ఏకు 15 యూనిట్ల టీ7 ఎండోన్యూక్లియేజ్-1 వేసి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి కొమ్మలు తెంపండి, పూసలతో శుభ్రం చేసి లైబ్రరీ కట్టండి. ఒక్కో రీడ్‌లో (ఒకేసారి చదివిన ముక్కలో) జన్యువు రెండు మూడు సార్లు వరసగా కనిపిస్తుంది. ఒక్క ఫ్లోసెల్‌లో బార్‌కోడ్‌లతో 24 నమూనాలు పోతాయి. క్లోనింగ్‌లో అన్ని చేయాలంటే నెలలు.

ఇల్యుమినా 150 బేసుల రీడ్లతో మాత్రం ఈ పని జాగ్రత్తగా చేయాలి. డీఎన్‌ఏ-ఎ, డీఎన్‌ఏ-బి రెండింటిలో దాదాపు 200 బేసుల ఉమ్మడి ప్రాంతం ఒకేలా ఉంటుంది. రీడ్ దానికంటే చిన్నది కాబట్టి అసెంబ్లర్ (రీడ్లను కూర్చే సాఫ్ట్‌వేర్) అక్కడ దారి తప్పి ఎ సగం, బి సగం అతికించి ఒకే కాంటిగ్‌గా (కూర్చిన పొడవాటి క్రమంగా) ఇస్తుంది. మిశ్రమ సంక్రమణ ఉంటే మరీ ఘోరం. అలాంటి అతుకునే చూసి రీకాంబినెంట్ అని ప్రచురించే ప్రమాదం ఉంది.

జెల్‌గది

24 నమూనాలుంటే మీ దారే సరైంది. ఒక నమూనా, పైగా దాన్ని తర్వాత మొక్కలోకి ఎక్కించి రోగం తెప్పించి చూపాలనుకుంటే క్లోన్ ఎలాగూ కావాలి. ప్లాస్మిడ్ చేతిలో ఉంటే ఆ క్రమం ఒక నిజమైన అణువుదని గట్టిగా చెప్పొచ్చు. రీడ్ల నుంచి తీసిన కన్సెన్సస్ గుంపు సగటు, ఆ వరుస ఉన్న ఒక్క వైరస్ కూడా మొక్కలో లేకపోవచ్చు.

నారుమడి

జెల్ అయింది. హిండ్-3: 2.7 కిలోబేసుల దగ్గర ఒక్క బ్యాండ్. కేపీఎన్-1: అదే. ఈకోఆర్-1: 2.7, 1.6, 1.1. బామ్‌హెచ్-1: 2.7, దాని కింద 1.4 దగ్గర పలచగా ఒకటి. పీఎస్టీ-1: బావి దగ్గరే మందంగా ఉండిపోయింది. లక్షణాలు లేని మొక్కలో ఏ ఎంజైమ్‌కూ బ్యాండ్ లేదు. ఎలా చదవాలి?

జెల్‌గది

చక్కటి జెల్, దీంట్లో చాలా ఉంది.

ఈకోఆర్-1 నుంచి మొదలుపెడదాం. 1.6, 1.1 కలిపితే 2.7. అంటే ఒక వలయంలో ఆ ఎంజైమ్ రెండు చోట్ల కోసింది. పక్కనే 2.7 కూడా ఉందంటే రెండు అర్థాలు: ఇంకో వలయం ఉండి దాన్ని ఒక్కచోటే కోసింది, లేదా మొదటి వలయమే సగం కోసి వదిలింది. తేల్చడానికి ఎంజైమ్ 20 యూనిట్లకు పెంచి రాత్రంతా పెట్టండి. గ్లిజరాల్ 5 శాతం దాటకుండా రియాక్షన్ పరిమాణం కూడా పెంచండి, లేకపోతే ఎంజైమ్ తప్పు చోట్ల కోస్తుంది. అప్పటికీ 2.7 తగ్గకపోతే మీ దగ్గర రెండు వలయాలున్నట్టే, బహుశా ఎ, బి.

అలాగైతే హిండ్-3, కేపీఎన్-1 దగ్గర కనిపించే ఒక్క 2.7 బ్యాండ్‌లో రెండూ కలిసి ఉండొచ్చు. రెండూ దాదాపు ఒకే పొడవు, జెల్ వాటిని విడదీయదు. ఆ బ్యాండ్ కోసి ఒక్క క్లోన్ తీసి, డీఎన్‌ఏ-ఎ దొరికింది, బి లేదు, కాబట్టి ఏకభాగ (ఒకే వలయపు) వైరస్ అని తేల్చేస్తే పెద్ద తప్పవుతుంది.

బామ్‌హెచ్-1 దగ్గర 1.4 మూడు రకాలుగా రావొచ్చు. వైరస్‌తో పాటు తిరిగే చిన్న డీఎన్‌ఏ వలయాలైన శాటిలైట్లు: బీటాశాటిలైట్ 1.35, ఆల్ఫాశాటిలైట్ 1.4 దాకా ఉంటుంది, ఒక్కచోట కోస్తే అక్కడే కనిపిస్తాయి. లేదా సగానికి తెగిపోయి తిరిగే లోపభూయిష్ట డీఎన్‌ఏ. లేదా ఒక వలయం సరిగ్గా మధ్యలో రెండుగా తెగింది. బీటా-01/02 ప్రైమర్లతో పీసీఆర్ పెడితే బీటాశాటిలైట్ సందేహం తీరుతుంది. ఆ ప్రైమర్లు కూర్చునే చోట కనిపించే బేసులు ప్రైమర్‌వి, వైరస్‌వి కావు. పూర్తి క్రమం కావాలంటే శాటిలైట్‌ను కూడా ఆర్‌సీఏ నుంచే క్లోన్ చేయాలి.

పీఎస్టీ-1 అక్కడ కోయలేదు, అంతే. దాన్ని వదిలేయండి.

బెంచ్‌మీద

క్లోనింగ్ మెట్టు చెబుతాను. హిండ్-3 బ్యాండ్ జెల్ నుంచి తీసి, హిండ్-3తో కోసి ఫాస్ఫేట్ తీసేసిన పీయూసీ19లో పెట్టండి. వెక్టర్ ఒకటికి ఇన్సర్ట్ మూడు మోలార్ వంతులు, టీ4 లైగేజ్, 16 డిగ్రీలు రాత్రంతా, డీహెచ్5-ఆల్ఫా. తెల్ల కాలనీలు కనీసం పది తీసి మినీప్రెప్ చేసి ఈకోఆర్-1తో కోయండి. పీయూసీ19లో హిండ్-3కు ఎదురు కొసన ఒక ఈకోఆర్-1 స్థానం ఉంది కాబట్టి, రెండు స్థానాలున్న వలయం మూడు ముక్కలు ఇస్తుంది, ఒక స్థానమున్నది రెండే. ఎ, బి క్లోన్లు అక్కడికక్కడే వేరుపడతాయి. సీక్వెన్సింగ్‌కు డబ్బు పెట్టకముందే తెలుస్తుంది. ఒక్కో రకంలో మూడు క్లోన్లు పంపండి.

ఒక జాగ్రత్త. ఆర్‌సీఏ ఉత్పత్తికి మిథైల్ గుర్తులు ఉండవు. మామూలు ఈ. కోలై డ్యామ్ మిథైలేషన్ చేస్తుంది. అందుకే ఎక్స్‌బీఏ-1, సీఎల్ఏ-1 లాంటి ఎంజైమ్‌లు ఆర్‌సీఏ డీఎన్‌ఏను చక్కగా కోసి, అదే క్రమాన్ని క్లోన్‌లో కోయకుండా ఆగిపోవచ్చు. క్లోన్ తప్పనుకుని పారేయకండి.

ఎం13 ముందు, వెనక ప్రైమర్లతో రెండు వైపుల నుంచి 700, 800 బేసులు నమ్మదగినవి వస్తాయి. మిగిలిన నడిమి 1,100కు వచ్చిన క్రమం చివర్ల నుంచి కొత్త ప్రైమర్లు రాసుకుని నడుచుకుంటూ వెళ్ళాలి. రెండు పోగులూ చదవాలి.

ఎక్కువమంది వదిలేసే మెట్టు కోత స్థానాన్ని దాటి చదవడం. హిండ్-3 స్థానాలు 40 బేసుల దూరంలో రెండు ఉంటే ఆ చిన్న ముక్క జెల్‌లో కనిపించకుండా పోతుంది, క్లోన్‌లో రాదు. మీ జన్యువు 40 బేసులు పొట్టిగా, చూడ్డానికి మాత్రం పూర్తిగా ఉంటుంది. కోత స్థానానికి అటూ ఇటూ 200 బేసుల దూరంలో ప్రైమర్లు పెట్టి, అసలు మొక్క డీఎన్‌ఏ నుంచి పీసీఆర్ చేసి, ఆ ఉత్పత్తిని చదివించండి.

పచ్చికాయ

ఇది విత్తన బ్రీడింగ్ వైపు నుంచి అడుగుతున్న ప్రశ్న. టై-1, టై-2, టై-3 (ఆకుముడతను తట్టుకునే జన్యువులు) పెట్టిన హైబ్రిడ్లలోనూ ముడత కనిపిస్తే ఈ పూర్తి క్రమం ఎంతవరకు పనికొస్తుంది? పేరు తెలియడం తప్ప?

వరుసకూర్పు

పేరు కంటే ఎక్కువే చెబుతుంది. టై-2 రోగనిరోధక గ్రాహకం లాంటి ప్రోటీన్, అది గుర్తుపట్టేది వైరస్ రెప్ ప్రోటీన్‌ను. రెప్ మారితే కాపలా తప్పుతుంది. కోటు ముక్క మాత్రమే చదివినవాళ్ళకు ఈ సంగతి కనబడే అవకాశమే లేదు, రెప్ జన్యువు అవతలి పోగు మీద ఉంది.

టై-1, టై-3 వేరే తరహా. అవి ఒకే స్థానపు రూపాలు, ఆర్‌ఎన్‌ఏ మీద ఆధారపడే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను తయారుచేస్తాయి, వైరస్ డీఎన్‌ఏను మిథైల్ గుర్తులతో నొక్కిపెడతాయి. బీటాశాటిలైట్ తోడుంటే టై-1 బలహీనపడుతుందని 2020లో చూపించారు. అందుకే నారుమడి గారి జెల్‌లో ఆ పలచటి 1.4ను తేల్చకుండా వదలకూడదు. బ్రీడర్‌కు పనికొచ్చే ప్రశ్న అక్కడే ఉంది.

తెల్లదోమ_వల

పచ్చికాయ గారూ, దోమను కూడా చూడండి. బెమీసియా టబాకి (తెల్లదోమ) అంటే ఒకటి కాదు, దగ్గరి జాతుల గుంపు. 1999లో కోలార్ ప్రాంతంలో బి-బయోటైప్ (ఆ గుంపులో ఒక రకం) బయటపడింది, అది మదనపల్లెకు పక్కనే. దోమలను 95 శాతం ఆల్కహాల్‌లో వేసి, మైటోకాండ్రియా సీఓ-1 జన్యువు చదివిస్తే ఏ రకమో తెలుస్తుంది. అదే వైరస్ అయినా మోసే దోమ మారితే పొలంలో వ్యాప్తి మారుతుంది.

ఇదే న్యూఢిల్లీ వైరస్‌ను చూడండి. 1995లో ఢిల్లీ టమాటా నుంచి క్రమం ప్రచురితమైంది. 2012లో స్పెయిన్‌లో గుమ్మడి జాతి జుకినీ మీద కనిపించింది, తర్వాత మధ్యధరా అంతా పాకింది. అక్కడి స్ట్రెయిన్ జుకినీకి బాగా అలవాటుపడింది, టమాటాను అంత సులువుగా పట్టదు. ఆ తేడా పూర్తి జన్యువు చదివితేనే తెలిసింది.

నారుమడి

బీటా ప్రైమర్లతో బ్యాండ్ రాలేదు. ఈకోఆర్-1 రాత్రంతా పెట్టినా 2.7 అలాగే ఉంది. క్లోన్లలో రెండు రకాలూ దొరికాయి. డీఎన్‌ఏ-ఎ కూర్చాను, 2,739. కానీ రెప్ మధ్యలో ఆగిపోతోంది, 361 అమైనో ఆమ్లాలు రావాల్సింది 140 దగ్గర స్టాప్. ఇది వైరస్ మార్పా?

వరుసకూర్పు

ముందు తప్పనే అనుకుని వెతకండి. రెప్ లేకుండా ఈ వైరస్ తనను తాను కాపీ చేసుకోలేదు. విరిగిన రెప్‌తో ఉన్న డీఎన్‌ఏ-ఎ ఒంటరిగా మొక్కలో నిలవదు. స్టాప్‌కు ముందున్న 100 బేసుల్లో ఎక్కడైనా ఒకే అక్షరం ఆరేడుసార్లు వరసగా ఉందా? సాంగర్‌లో అలాంటి చోట తర్వాత శిఖరాలు ఒకదానిలోకి ఒకటి జారతాయి, నానోపోర్‌లో ఒక అక్షరం రాలిపోతుంది. ఒక్క అక్షరం పోతే ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరుస) తప్పుతుంది, ఫ్రేమ్ తప్పితే కాస్త దూరంలో స్టాప్ వస్తుంది. ఎదురు పోగు క్రోమటోగ్రామ్ తెరిచి చూడండి, మిగతా రెండు క్లోన్లలో అదే చోట చూడండి. మూడింటిలోనూ స్టాప్ ఉంటే అప్పుడు మాట్లాడదాం.

నారుమడి

ఏడు 'ఎ'లు ఉన్నచోట ఒక క్లోన్‌లో ఆరే చదివింది, అదీ ఒక పోగులోనే. ఎదురు పోగులో, మిగతా రెండు క్లోన్లలో ఏడే. ఇప్పుడు పొడవు 2,740, రెప్ 361 వచ్చింది.

బెంచ్‌మీద

మంచిది. ఇప్పుడు వలయాన్ని సరైన చోట విప్పండి. తొమ్మిది అక్షరాల టీఏఏటీఏటీటీఏసీ వెతకండి, రెప్ కోసేది ఏడో అక్షరం తర్వాత. ఎనిమిదో అక్షరమైన 'ఎ' మీ ఒకటో బేస్ కావాలి. హిండ్-3 స్థానం నుంచే లెక్క మొదలుపెట్టి అలాగే అప్‌లోడ్ చేసిన క్రమాలు పోల్చేవాళ్ళకు నరకం.

డీఎన్‌ఏ-బి మీదిదేనా, ఇంకో వైరస్‌దా అన్నది ఉమ్మడి ప్రాంతం చెబుతుంది. ఎ, బి రెండింటి ఉమ్మడి ప్రాంతాలు పక్కపక్కన పెట్టండి. తొమ్మిది అక్షరాలకు ఎడమవైపు ఇటెరాన్లనే చిన్న పునరావృతాలు రెండింటిలో ఒకేలా ఉంటే ఈ ఎ చేసే రెప్ ఆ బిని కాపీ చేయగలదు. ఇటెరాన్లు వేరుగా ఉంటే మొక్కలో కనబడని మూడో వలయం ఉండే అవకాశం చూడాలి, హిండ్-3 కోయని ఇంకో డీఎన్‌ఏ-ఎ.

జెల్‌గది

పోలిక లెక్కకు బ్లాస్ట్ శాతం వాడకండి, అది స్థానిక అతుకుల మీద లెక్కిస్తుంది. జెన్‌బ్యాంక్ నుంచి దగ్గరి డీఎన్‌ఏ-ఎలు అన్నీ దించి, అన్నీ ఒకే చోట మొదలయ్యేలా తిప్పి, ఎస్‌డీటీలో (పోలిక లెక్కించే సాఫ్ట్‌వేర్) మజిల్ ఎంచి జతలవారీ పోలిక తీయండి. తర్వాత ఆర్‌డీపీ (రీకాంబినేషన్ వెతికే సాఫ్ట్‌వేర్). ఒక్క పద్ధతి చూపిన రీకాంబినేషన్‌ను నమ్మకండి, కనీసం మూడు పద్ధతులు ఒకే చోటు చూపాలి. ఆ చోటు మీ హిండ్-3 స్థానం దగ్గరే పడితే బెంచ్‌మీద గారు చెప్పిన దాటుడు పీసీఆర్‌ను మళ్ళీ చూడండి, రెండు వేర్వేరు వైరస్‌ల ముక్కలు లైగేషన్‌లో అతుక్కుని ఉండొచ్చు.

అప్‌లోడ్‌లో వలయాకారం అని గుర్తు పెట్టండి, లేకపోతే వలయం కాని పోగుగా చూపిస్తుంది. మొక్క పేరు, ఆకు కోసిన తేదీ, మండలం రాయండి. ఎ, బి రెండింటికీ ఒకే ఐసోలేట్ పేరు ఇవ్వండి.

నారుమడి

ఎస్‌డీటీలో డీఎన్‌ఏ-ఎ దగ్గరిదానితో 96 శాతం, అంటే కొత్త స్ట్రెయిన్ కాదు. ఇటెరాన్లు రెండింటిలో ఒకటే. హిండ్-3 దాటుడు పీసీఆర్ ఎ మీద అయింది, లోపం లేదు. బి మీద రేపు పెడుతున్నాను. బామ్‌హెచ్-1 దగ్గరి ఆ 1.4 బ్యాండ్ కోసి విడిగా క్లోన్ చేస్తున్నాను, అది తేలాకే అప్‌లోడ్.

వరుసకూర్పు

1.4 క్లోన్ చివరలు డీఎన్‌ఏ-బి క్రమంతో కలిపి చూడండి. లోపభూయిష్ట డీఎన్‌ఏ అయితే ఉమ్మడి ప్రాంతం అలాగే ఉండి, మధ్యలో పెద్ద ముక్క లేచిపోయి ఉంటుంది. ఆల్ఫాశాటిలైట్ అయితే తొమ్మిది అక్షరాలు టీఏజీటీఏటీటీఏసీ, తనదైన రెప్ ఉంటుంది. మూడో అక్షరం 'జీ'నా 'ఎ'నా అన్నది చూస్తే మొదటి చూపులోనే చాలావరకు తెలిసిపోతుంది.